ఇంటిల్లిపాదికీ ఒకే బట్టల గది

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో ఏం మాట్లాడుకుంటామో మీకు తెలిసిందే. డి.ఎ. బకాయిలు, కమ్యుటేషన్ ఎప్పుడు తిరిగి కలుస్తుంది, లైఫ్ సర్టిఫికెట్లు, హెల్త్ కార్డులు. ఈసారి కార్యదర్శిగారు "ఇంటి సంగతి ఏదైనా చెప్పండి" అన్నారు. "బట్టల గురించి చెబుతాను" అన్నాను. "చేనేత గురించా?" అన్నారాయన ఉత్సాహంగా. కాదండీ, విడిచిన బట్టల గురించి, ఉతికిన బట్టల గురించి, మడత పెట్టి ఎక్కడ పెట్టాలన్న దాని గురించి అన్నాను. ఆయన ఉత్సాహం కొంచెం తగ్గింది గాని, ఇరవై నిమిషాలు ఇచ్చారు.

విషయం ఇదీ. కాకినాడలో మా ఇంట్లో ఏడుగురం ఉంటాం. నేను, మా ఆవిడ, మా అక్కయ్య, అబ్బాయి, కోడలు, మనవరాలు, మనవడు. ఈ ఏడుగురి రోజువారీ బట్టలూ 2021 నుంచి ఒకే గదిలో ఉంటున్నాయి. వంటింటి వెనక వరండాని ఆనుకుని పాత స్టోరు రూము ఒకటుంది. ఎనిమిదడుగుల పొడుగు, ఆరడుగుల వెడల్పు. అందులో బియ్యం డ్రములు, విరిగిన టేబుల్ ఫాను, నా సర్వీసు కాగితాలు ఉండేవి. అవి తీసేసి ఆ గదిని బట్టలకి ఇచ్చాం. విడిచినవి అక్కడే వేస్తాం. మిషను ఆ గది గుమ్మం పక్కనే ఉంది. మడత పెట్టేదీ అక్కడే, పొద్దున్న కట్టుకోవడానికి తీసుకునేదీ అక్కడే.

ఇదేం పెద్ద విశేషమని మీకు అనిపించవచ్చు. అసలు ఎందుకు చేశామో చెబితే తెలుస్తుంది.

2021 ఆగస్టులో ఒక సాయంత్రం మా ఆవిడ ఇస్త్రీ బట్టల దొంతర రెండు చేతులా పట్టుకుని, పైన గడ్డం ఆనించి, మేడ మీద అబ్బాయి వాళ్ళ గదిలో పెట్టడానికి వెళుతోంది. ఆ దొంతర వెనక నుంచి కాలి కింద మెట్టు కనపడదు. మలుపు దగ్గర పాదం జారింది. కుడి మణికట్టు విరిగింది. తుంటి విరగలేదు కాబట్టి మీరు అదృష్టవంతులన్నారు డాక్టరుగారు. ఆవిడకి అప్పుడు 66 ఏళ్ళు. ఆ వయసులో తుంటి విరిగితే ఏమవుతుందో ఈ హాల్లో చాలామందికి నేను చెప్పక్కర్లేదు.

ఆరు వారాలు పిండికట్టు. ఆ ఆరు వారాలూ బట్టల పని మిగిలిన వాళ్ళం పంచుకున్నాం. నేను 1974లో లెక్కల విభాగంలో చేరి 2008లో 58 ఏళ్ళకి రిటైరయ్యాను. ముప్ఫై నాలుగేళ్ళు ఇతరుల బిల్లులు పరీక్షించిన చెయ్యి ఊరుకోదు కదా. ఒక పాత రిజిస్టరు తీసి, బట్టల రాకపోకలు రాయడం మొదలుపెట్టాను.

అప్పటి ఏర్పాటు ఇది. మిషను కింద పెరట్లో. ఆరేసేది డాబా మీద. మా ఇంట్లో కింది నుంచి మేడకి 19 మెట్లు, మేడ నుంచి డాబాకి మరో 19. మా అబ్బాయి చొక్కా మేడ మీద స్నానాల గదిలో విడుస్తాడు. అది కిందికి రావడానికి 19 మెట్లు. ఉతికాక డాబా ఎక్కడానికి 38. ఆరాక దిగడానికి 38. మడతో ఇస్త్రీయో అయ్యాక మళ్ళీ మేడ ఎక్కడానికి 19. మొత్తం 114 మెట్లు. ఒక్క ఉతుకులో ఒక చొక్కా చేసే ప్రయాణం ఇది. ఆ చొక్కాకి టి.ఎ. బిల్లు పెట్టుకునే హక్కు ఉంటే, ఏడాది తిరిగేసరికి దాని ఖరీదు దానికే వచ్చేసేది. చొక్కాకి కాళ్ళు లేవు కాబట్టి ఆ మెట్లన్నీ ఎక్కి దిగింది ఎవరో మనిషే.

బరువు సంగతి కూడా చూడండి. మిషను మీద ఏడు కిలోలు అని రాసి ఉంటుంది. అది పొడిబట్టల బరువు. మిషను ఎంత గట్టిగా పిండినా నూలుబట్టలో వాటి బరువులో సగం దాకా నీరు మిగులుతుంది. ఏడు కిలోలు వేస్తే పది, పదకొండు కిలోలు చేతికి వస్తాయి. అంటే నిండు నీళ్ళ బకెట్టు లాంటిది పట్టుకుని 38 మెట్లు.

నా రిజిస్టరులో తేలింది ఏమిటంటే, ఉతకడం ఇప్పుడు పెద్ద పని కాదు. అది మిషను చేస్తోంది. మోయడం, ఆరెయ్యడం, తియ్యడం, ఏది ఎవరిదో ఏరడం, మడత, నాలుగు గదుల్లో నాలుగు బీరువాలకి చేరవెయ్యడం, ఇవే అసలు పని. వీటికి మిషను లేదు. మన కొనుగోళ్ళన్నీ ఉతుకు చుట్టూ తిరుగుతాయి గాని, ఈ చేరవేతని ఎవరూ పని కింద లెక్కవెయ్యరు.

2019లో కేంద్ర ప్రభుత్వం వారు దేశమంతటా కాలవినియోగం మీద సర్వే చేశారు. ఇంటివాళ్ళ కోసం జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఆ మగవాళ్ళయినా, పని చేసేవాళ్ళలో సగటు సుమండీ. అసలు ఆ పని ముట్టుకునే మగవాళ్ళే నూటికి 26 మంది. ఆడవాళ్ళు నూటికి 81 మంది. 299 నిమిషాలంటే అయిదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. మనకి 58కో 60కో రిటైర్మెంటు వచ్చింది. ఆ అయిదు గంటల ఉద్యోగానికి ఏ జి.ఒ.లోనూ రిటైర్మెంటు వయసు లేదు.

ఇక పాత కాలం గురించి కొంచెం. మన చిన్నతనాల్లో ఈ చేరవేత ఇంతలేదు. ఎందుకంటే ఇంటిల్లిపాది బట్టలూ దాదాపు ఒకేచోట ఉండేవి. మాది కోనసీమలో పల్లెటూరు. పెంకుటిల్లు, మధ్యలో వసారా. వసారాలో ఒక దండెం, గోడకి నాలుగు చిలకకొయ్యలు. పిల్లల బట్టలన్నీ దండెం మీద. నాన్నగారి కండువా చిలకకొయ్యకి. పట్టుబట్టలు, పెళ్ళిబట్టలు భోషాణంలో. సంక్రాంతికి ఒకే తానులోంచి మగపిల్లలందరికీ చొక్కాలు కుట్టించేవారు, పెరుగుతారని రెండంగుళాలు వదులుగా. మా పెదనాన్నగారి పిల్లలూ మేమూ నడిచి వెళుతుంటే బ్యాండు మేళం వాళ్ళలా ఉండేవాళ్ళం. నీది నాది అన్న తగువే లేదు, పొట్టయిన చొక్కా తరవాతివాడికి.

చాకలి వాళ్ళ పద్ధతి కూడా అలాగే ఉండేది. విడిచిన బట్టలన్నీ ఒకే మూట. మా అమ్మ లెక్కపెట్టి గోడ మీద బొగ్గుతో గీతలు గీసేది. వాళ్ళు రేవుకి తీసుకెళ్ళి, చవుడు పెట్టి, బానలో ఉడకబెట్టి, బండ మీద ఉతికి తెచ్చేవారు. బట్టలు తారుమారు కాకుండా నల్లజీడి గింజ రసంతో ఒక మూల చిన్న గుర్తు పెట్టేవారు. ఆ గుర్తు ఎన్ని ఉతుకులకీ పోదు. ఆ రసం ఒంటికి తగిలితే పొక్కుతుంది, కాబట్టి గుర్తు పెట్టడం కూడా చెయ్యి తిరిగిన పనే. ఇంటికి ఒక గుర్తు. మనిషికి ఒకటి కాదు. ఊరికి వాళ్ళు చేసిన సేవకి కళ్ళంలో ఇచ్చిన మేర గింజలు, రోజూ సాయంత్రం పెట్టిన అన్నం ఎంత మాత్రం సరితూగేవి కావు. ఆ రోజులు తిరిగి రావాలని నేను అనడం లేదు. బరువు అప్పుడు వాళ్ళ వీపుల మీద ఉండేది, అందుకనే మన ఇళ్ళకి తెలియలేదు.

మా ఇంట్లో మిషను 1998లో వచ్చింది. బరువు ఇంట్లోకి వచ్చేసింది. అదే సమయంలో బీరువాలూ పెరిగాయి. మనకి బీరువా అంటే గోద్రెజ్ బీరువాయే. ఆ కంపెనీవారు ఇనప బీరువాలు 1923 నుంచి చేస్తున్నారు గాని, మనలాంటి ఉద్యోగుల ఇళ్ళలోకి అవి వచ్చింది ఎక్కువగా పెళ్ళిసారెలతో. మా ఆవిడతో ఒకటి వచ్చింది. కోడలితో ఒకటి వచ్చింది. పిల్లలకి గోడలో రెండు అల్మారాలు కట్టించాం. ఒక్కో గదికి ఒక్కో బీరువా, ఒక్కో బీరువాకి ఒక్కో ప్రయాణం. ఆఫీసులో ప్రతి సెక్షనూ తన ఫైళ్ళు తన అల్మారాలో దాచుకుంటే తపాలా బంట్రోతు పరిస్థితి ఏమిటో ఆలోచించండి. అందుకే కదా రికార్డు రూము పెట్టారు!

కట్టు విప్పిన రోజు రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడే అంది: "నేను ఇక బట్టలు పట్టుకుని మెట్లెక్కను. కావలసినవాళ్ళు కిందికి వచ్చి తీసుకోండి." ఆవిడ పెద్దగా అనలేదు. అయినా అందరం విన్నాం. ఒకే గది ఆలోచన ఆ మాటలోంచే పుట్టింది. నేను చేసింది కొలతలు వెయ్యడమే.

గది ఎలా పెట్టామో చెబుతాను. గోడకి కడప బండ అరలు. అట్టడుగు అర నేలకి అడుగున్నర ఎత్తున, పై అర అయిదడుగులకి మించకుండా. లోతు 18 అంగుళాలు. అంతకన్నా లోతు పెడితే వెనక వరసలోకి వెళ్ళిన బట్ట మళ్ళీ దసరాకి గాని కనపడదు. నడుము నుంచి భుజం దాకా ఉన్న అరలు మా ముగ్గురు వృద్ధులవి. వంగక్కర్లేదు, చెయ్యి పైకెత్తక్కర్లేదు. కింది అరలు పిల్లలవి. పై అర అబ్బాయిది, ఆరడుగుల మనిషి. కోడలిది నా పక్క అర. ఒక పక్క ఇనప గొట్టానికి హ్యాంగర్లు. ఒక మూల మడతకి బల్ల, నడుమెత్తు ఉండాలి, మంచం మీద వంగి మడతపెడితే నడుం పోతుంది. ఇంకో మూల గట్టి బెంచీ. ఆ బెంచీ కూర్చుని ప్యాంటు తొడుక్కోవడానికి. నిలబడి ఒంటికాలి మీద ప్యాంటు ఎక్కించుకునే విద్య మన వయసులో మానెయ్యాలి మిత్రులారా, పడేవాళ్ళలో కొందరు అక్కడే పడతారు. గుమ్మానికి గడప తీయించాం. లైటు స్విచ్చి బయట పెట్టించాం.

సముద్రపు ఊరు కాబట్టి చెమ్మ గురించి భయపడ్డాం. మాకు నైరుతి వానలూ ఉన్నాయి, అక్టోబరు, నవంబరుల్లో తుఫాను వానలూ ఉన్నాయి. 1996 నవంబరు తుఫానప్పుడు తడిసిన బట్టల వాసన వారం పది రోజులు పోలేదు. అందుకని అరలు గోడకి పూర్తిగా ఆనించకుండా మూడంగుళాలు ఖాళీ వదిలాం, గాలి ఆడుతుంది. పైన వెంటిలేటరు ఉంది. బొత్తిగా ఆరని బట్ట ఒక్కటి లోపల పెట్టినా చుట్టుపక్కల పదింటికి ముక్కవాసన వస్తుంది. కాబట్టి అనుమానం ఉన్నది వరండాలోనే ఉంచుతాం. వరండా కప్పుకి తాడూ కప్పీ ఉన్న దండెం బిగించాం. కిందికి దింపి ఆరేసి, పైకి లాగితే సరి. డాబా మీదకి ఇప్పుడు దుప్పట్లు మాత్రమే వెళతాయి, ఆదివారం నాడు, మా అబ్బాయి భుజం మీద.

మరి ఆ 114 మెట్లు ఏమయ్యాయి? ఎవరి విడిచిన బట్ట వాళ్ళు పొద్దున్న కాఫీకి దిగేటప్పుడు తెచ్చి బుట్టలో వేస్తారు. రాత్రి పైకి వెళ్ళేటప్పుడు మర్నాటి జత తీసుకెళతారు. ఎలాగూ ఎక్కి దిగే మెట్లే. బట్టల కోసం ప్రత్యేకంగా ఎక్కే మెట్టు ఒక్కటీ లేదు. ఇస్త్రీ బండి ఆయనకి కూడా సుఖంగా ఉంది. వారానికి రెండుసార్లు ఒకే మూట, ఒకే లెక్క. రాత్రి తొమ్మిదిన్నరకి మడత. అబ్బాయి, నేను, పిల్లల్లో ఒకరు. ఇరవై నిమిషాలు పడుతుంది. మొదటి వారం నా మడతలు చూసి మా ఆవిడ ఏమీ అనకుండా అన్నీ విప్పి మళ్ళీ పెట్టింది. రెండో వారం నుంచి గదిలోకి రావడం మానేసింది. అది మంచి నిర్ణయం.

ఇప్పుడు అభ్యంతరాలు. ఈ సంగతి తెలిసిన మిత్రులు అడిగినవే చెబుతాను.

మొదటిది, అంటువ్యాధులు. ఒకేచోట ఉంచడం వేరు, ఒకరివి ఒకరు కట్టుకోవడం వేరు. ఉతికి బాగా ఆరిన బట్టలు పక్కపక్కన ఉంటే భయం లేదు. విడిచినవాటినీ ఉతికినవాటినీ కలపకూడదు. తువ్వాలు మాత్రం ఎవరిది వాళ్ళదే, తాడు మీద కూడా విడివిడిగా. ఈ పదేళ్ళుగా మన దేశంలో మందులకి సులువుగా లొంగని తామర బాగా ప్రబలింది. తువ్వాళ్ళు, దుస్తులు పంచుకోవడం వల్ల ఇంటిల్లిపాదికీ పాకుతోందని చర్మవైద్యులు చెబుతున్నారు. ఎవరికైనా అలాంటిది వస్తే వాళ్ళ బట్టలకి విడి బుట్ట, విడి ఉతుకు, వేడినీళ్ళు. గజ్జి పురుగు మనిషి ఒంటిని వదిలితే రెండు మూడు రోజులకి మించి బతకదు. వేడినీళ్ళలో ఉతకలేనివాటిని సంచీలో మూతికట్టి వారం రోజులు పక్కన పడేస్తే చాలు.

కలరా ఉండల గురించి ఒక్కమాట, ఇది మనవల్ని ఎత్తుకునేవాళ్ళందరూ వినాలి. మనవాళ్ళు పురిటి బట్టలు, ఊలు బట్టలు కలరా ఉండలు వేసి దాచి, అవే తీసి పసిబిడ్డకి చుడతారు. కొందరు బిడ్డలకి పుట్టుకతో జి-6-పి-డి అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. అలాంటి బిడ్డకి ఆ ఉండల ఆవిరి తగిలితే రక్తకణాలు విరిగిపోయి, కామెర్లు ముదిరి ప్రాణం మీదకి రావచ్చు. బిడ్డకి ఆ లోపం ఉన్నట్టు మనకి ముందు తెలియదు. మా గదిలో కలరా ఉండలు నిషేధం. ఎండబెట్టిన వేపాకు గుడ్డలో మూటకట్టి పెడతాం, నెలకోసారి మారుస్తాం.

రెండో అభ్యంతరం ఆడవాళ్ళది, చాలా న్యాయమైనది. మా కోడలు మొదటిరోజే చెప్పింది: "మామయ్యగారూ, రోజూ కట్టుకునేవి అక్కడ పెడతాను. మా అమ్మావాళ్ళు ఇచ్చిన బీరువా మాత్రం నా గదిలోనే ఉంటుంది. తాళం నా దగ్గరే ఉంటుంది." మా ఆవిడ నాకన్నా ముందే జవాబు చెప్పింది: "అది నువ్వు అడగక్కర్లేదమ్మా. నాదీ అంతే."

ఇందులో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. మన ఇళ్ళలో ఇల్లు మగవాడి పేరున, బ్యాంకు పుస్తకం మగవాడి పేరున ఉన్న రోజుల్లో, ఆడమనిషికి తనదని చెప్పుకోవడానికి మిగిలింది బీరువాలో ఒక సొరుగే. 1956 హిందూ వారసత్వ చట్టం ఆమె చేతిలో ఉన్న ఆస్తికి ఆమెనే పూర్తి హక్కుదారుని చేసింది. 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు, స్త్రీధనం భార్య సొంతమేనని, భర్త దగ్గర ఉంచినా అతను ధర్మకర్త మాత్రమేనని చెప్పింది. ఉమ్మడి గది పేరు చెప్పి ఆ బీరువా తెరిపించే ఇల్లు ఉంటే, ఆ ఇంట్లో ఈ గది పెట్టవద్దు. మేం ఉమ్మడి చేసింది రోజువారీ బట్టల్ని. పట్టుచీరలు, నగలు, ఉత్తరాలు, కాగితాలు ఎవరి దగ్గర వాళ్ళవి. మా మనవరాలికి పధ్నాలుగేళ్ళు వచ్చాయి. తన లోదుస్తులు, ఇతర అవసరాలు పెట్టుకోవడానికి మూతా తాళం ఉన్న సొరుగు తనే అడిగి చేయించుకుంది. ఆడపిల్లల లోదుస్తులు ఎవరికీ కనపడకూడదని చీర కింద చాటుగా ఆరేసే అలవాటు కూడా మా ఇంట్లో మాన్పించింది మా కోడలు. ఎండ తగలక, చెమ్మ పోక, చర్మవ్యాధులు వచ్చేది అందుకే అంది. ఆ మాటకి ఎదురుచెప్పడానికి ఏమీ లేదు.

మూడోది మడి. మా అక్కయ్యకి 82. పొద్దుటిపూట ఇప్పటికీ మడి కట్టుకుంటుంది. మడిచీర ఎవరూ తాకకుండా ఎత్తుగా దండెం మీద ఆరెయ్యాలి, కర్రతో తియ్యాలి. మా చిన్నప్పుడు మా నాయనమ్మ చేసిన పద్ధతే. ఆ దండెం దాని చోట అది ఉంది, కర్ర మూల ఉంది. దాని జోలికి మేం వెళ్ళలేదు. నమ్మకం ఉన్నవాళ్ళది ఉంచి, మిగిలింది సర్దుకోవచ్చు.

అక్కయ్య సంగతి వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. మా బావగారు పోయాక, 2010లో ఆవిడ మా ఇంటికి వచ్చింది, ఒక ట్రంకు పెట్టెతో. ఆ పెట్టె మంచం కింద ఉండేది. గది తయారయ్యాక మీ అర ఇదీ అంటే, "నాకెందుకురా తమ్ముడూ, నా పెట్టె నాకు చాలు" అంది. పెట్టె కోసం రోజూ వంగుతోంది కదా వదినగారూ అని మా ఆవిడ బతిమాలితే చివరికి సరే అంది.

అందరం అరలు నింపాం. మా మనవడికి అప్పుడు ఏడేళ్ళు. వాడి టీషర్టులు లెక్కపెడితే 31 తేలాయి, వాటిలో సగం వాడికి పట్టనివి. వాడు అటూ ఇటూ చూసి, "మామ్మా, నీ అరలో చాలా ఖాళీ ఉంది, నా కార్లు పెట్టుకోనా?" అన్నాడు. అప్పుడు చూశాం అందరం. నాలుగు వాయిలు చీరలు, రెండు జాకెట్లు. ఒక జాకెట్టుకి చంకలో మాసిక. పదకొండేళ్ళు పెట్టె మూత కింద ఉన్నదే అది. అడిగితే, "అడగడం ఎందుకని" అంది. అంతకన్నా ఏమీ అనలేదు.

ఆ సాయంత్రమే మా కోడలు ఆవిణ్ణి వెంటబెట్టుకుని బజారుకి వెళ్ళి, ఆవిడకి నచ్చినవే నాలుగు తెచ్చింది. మనవడి అరకి మా అబ్బాయి ఒక నిబంధన పెట్టాడు. అర నిండితే కొత్తది రాదు, ఒకటి బయటికి వెళ్ళాకే ఒకటి లోపలికి. కేటాయింపుకి మించి ఖర్చు లేదన్నమాట. వాడి కన్నా ముందు ఆ నిబంధన మా అబ్బాయి చొక్కాలకే తగిలింది.

ట్రంకు పెట్టె మంచం కిందే ఉంది. అందులో బావగారి కండువా, కళ్ళజోడు, ఫామిలీ పెన్షను కాగితాలు ఉన్నాయి. దాన్ని గదిలోకి తెమ్మని ఎవరం అడగలేదు.

ఇద్దరే ఉండేవాళ్ళు, ఫ్లాటుల్లో ఉండేవాళ్ళు మాకు ఇదెలా పనికొస్తుందని అడుగుతారు. గది అక్కర్లేదు. మిషనుకి దగ్గరలో ఒక్క బీరువా, దాని పక్కన బుట్ట, కూర్చోవడానికి కుర్చీ. పడకగదిలో ఉన్న బీరువా పట్టుబట్టలకీ కాగితాలకీ ఉంచుకోండి. పట్టుచీరలు పాత నూలుగుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే జరీ మడత దగ్గరే విరుగుతుంది. మోకాళ్ళ ఆపరేషను అయినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇక్కడ కనిపిస్తున్నారు. మీరు ఇంటికెళ్ళగానే చెయ్యాల్సిన పని ఒకటే. రోజూ కట్టుకునే బట్టలు అటక మీదా పై అరలోనూ ఉంటే నడుమెత్తుకి దింపించండి. స్టూలు ఎక్కవద్దు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. మా గది కొలతలు, అరల ఎత్తులు, కప్పీ దండెం బిగించే పద్ధతి కాగితం మీద రాసి ఇరవై కాపీలు తెచ్చాను. భోజనాల దగ్గర ఇస్తాను. కొలతలు వేసేటప్పుడు మీ ఎత్తుకి వేసుకోవద్దు, మీ ఇంట్లో అందరికన్నా పొట్టిగా, పెద్దవయసులో ఉన్నవారిని పక్కన నిలబెట్టుకుని వెయ్యండి. మా వడ్రంగి మొదట నా ఎత్తుకి గీతలు గీశాడు. మా అక్కయ్య వచ్చి నిలబడ్డాక అన్నీ చెరిపి, అయిదంగుళాలు కిందికి గీశాడు.